కారు వారంటీ పొడిగింపు: ముందు గేర్‌బాక్స్ సంగతి తేల్చుకోండి

ప్రశ్న: మాది హనుమకొండ. 2023 ఆగస్టులో చిన్న ఎస్‌యూవీ కొన్నాం. 1.0 లీటర్ టర్బో పెట్రోల్ ఇంజన్, 7 గేర్ల డీసీటీ (డ్యుయల్ క్లచ్) ఆటోమేటిక్. ఇప్పటికి 34,000 కిలోమీటర్లు తిరిగింది. కంపెనీ ఇచ్చిన 3 ఏళ్ల వారంటీ ఇంకో ఆరు వారాల్లో అయిపోతుంది. మరో రెండేళ్లకు పొడిగించుకోమని షోరూమ్ వాళ్లు రోజూ ఫోన్ చేస్తున్నారు, జీఎస్టీతో కలిపి 34,000 రూపాయలట. వేరే సంస్థ ఒకటి అదే రెండేళ్లకు 19,500 చాలంటోంది. మా వారు నెలకు రెండుసార్లు హైదరాబాద్ వెళ్లొస్తారు, మిగతా తిరుగుడంతా ఊళ్లోనే. కిందటేడు ఎలుకలు వైరింగ్ కొరికితే వారంటీలో రాదన్నారు, 11,000 మేమే పెట్టుకున్నాం. రెండో సర్వీసు మూడు నెలలు ఆలస్యమైంది. బయట షాపులో 360 డిగ్రీల కెమెరా పెట్టించాం. ఇన్ని లొసుగులతో డబ్బు కట్టడం దండగేనా? మా తమ్ముడికి 1.2 లీటర్ పెట్రోల్ మాన్యువల్ హ్యాచ్‌బ్యాక్ ఉంది. వాడికి 14,500 చెప్పారు. వాడు కట్టాలా?

సమాధానం: మీ కారుకు కట్టడమే మంచిది, కానీ గేర్‌బాక్స్ క్లచ్‌లు కూడా కవర్ అవుతాయని రాతపూర్వకంగా తేలాకే. తమ్ముడి కారుకు అక్కర్లేదు. 19,500 ఆఫర్ పైకి చవక, లోపల వేరే సరుకు.

వారంటీ అమ్మేవాళ్లు లాభం చూసుకునే ధర పెడతారు. కొన్నవాళ్లందరి లెక్కా కలిపి చూస్తే కట్టింది ఎక్కువ, తిరిగి వచ్చింది తక్కువ ఉంటుంది. పైగా కారులో తయారీ లోపాలు చాలావరకు మొదటి ఏడాది రెండేళ్లలోనే బయటపడతాయి, అరుగుదల బాధలు ఏడెనిమిదేళ్లు దాటాక మొదలవుతాయి. నాలుగు, ఐదు సంవత్సరాలు మధ్యలో కాస్త ప్రశాంతంగా గడిచే కాలం. మరి ఎందుకు కొనాలి? ఒక్కసారిగా లక్ష పైన బిల్లు పడితే తట్టుకోలేని ఇంటికి, అలాంటి బిల్లు రాగల భాగాలు కారులో ఉన్నప్పుడు మాత్రమే ఇది అర్థవంతం. ‘మనశ్శాంతి’ కోసమని షోరూమ్ వాళ్లు చెప్పే మాట పక్కన పెట్టి, మీ బండిలో ఖరీదైన భాగాలేమిటో చూద్దాం.

మీ కారులో మొదటిది డీసీటీ గేర్‌బాక్స్. ఇందులో రెండు క్లచ్‌లుంటాయి, ఒకటి బేసి గేర్లకు, ఇంకొకటి సరి గేర్లకు. చిన్న టర్బో ఇంజన్లకు జతచేసే 7 గేర్ల డీసీటీల్లో ఎక్కువ భాగం పొడి క్లచ్‌వే, అంటే క్లచ్‌లను చల్లబరచడానికి ఆయిల్ ఉండదు. ఉప్పల్ దగ్గరో అమీర్‌పేటలోనో బండి పాక్కుంటూ కదిలేటప్పుడు క్లచ్ పూర్తిగా పట్టుకోదు, పూర్తిగా వదలదు, రాసుకుంటూ ఉంటుంది. ఆ వేడికి క్లచ్ ఫేసింగ్, అంటే రాసుకునే పొర, గాజులా నున్నబడుతుంది, మొదటి రెండు గేర్లలో బండి వణుకుతుంది. ఇంకా ముదిరితే మీటర్‌లో గేర్‌బాక్స్ వేడెక్కిందనే హెచ్చరిక వస్తుంది. క్లచ్‌లను నడిపే యాక్చుయేటర్ మోటర్లు, దాని కంప్యూటర్ అయిన టీసీయూ కూడా పాడవచ్చు. క్లచ్ సెట్టు, యాక్చుయేటర్ కలిపి మార్చాల్సి వస్తే లేబర్‌తో సహా లక్ష దాటడం మామూలే.

రెండోది టర్బో, అంటే ఇంజన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే భాగం. ఆయిల్ సరైన సమయానికి మార్చని బండ్లలో ముందు దెబ్బతినేది దాని బేరింగే. మోడల్‌ను బట్టి 50,000 నుంచి 80,000 దాకా అడుగుతారు. తర్వాత ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగ్. దీన్ని రిపేరు చేయకుండా మొత్తం యూనిట్ మార్చమంటారు కాబట్టి 30,000 నుంచి 60,000 అవుతుంది. ఏసీ కంప్రెసర్ 20,000 నుంచి 35,000. కూలింగ్ కాయిల్ ఖరీదు అంత ఉండదు గానీ, దాన్ని బయటికి తీయాలంటే డాష్‌బోర్డు విప్పాలి, లేబరే వాచిపోతుంది. టచ్ స్క్రీన్, ఏబీఎస్ మాడ్యూల్ కూడా ఇదే వరసలోవి. ఇవన్నీ ఉజ్జాయింపు ధరలు. మీ ఛాసిస్ నంబరుతో ఈ భాగాల ధరలు చెప్పమని సర్వీస్ సెంటర్ పార్ట్స్ కౌంటర్‌లో అడగండి, ఐదు నిమిషాల్లో కంప్యూటర్‌లో చూసి చెప్తారు. అమ్మకాల వాళ్లు చెప్పే అంకెల కన్నా అవి నమ్మదగినవి.

ఇప్పుడు లెక్క. 34,000ను 1,20,000 బిల్లుతో పోలిస్తే, గేర్‌బాక్స్ ఒక్కదాన్నే చూసినప్పుడు మీలాంటి కార్లు నాలుగింట ఒకటి కన్నా ఎక్కువే ఆ రెండేళ్లలో పాడైతే తప్ప ధర గిట్టదు. అంత తరచుగా పాడవుతాయని మేమనం. అయితే గేర్‌బాక్స్‌కు టర్బో, స్టీరింగ్, ఏసీ, స్క్రీన్ కూడా కలిస్తే ఏదో ఒక పెద్ద బిల్లు పడే అవకాశం పెరుగుతుంది. నెలకు రెండుసార్లు హైదరాబాద్ ట్రాఫిక్ కూడా ఉంది. అందుకే మీ విషయంలో కట్టడం వైపే మొగ్గుతున్నాం. ఆ క్లచ్‌లు కవర్ కావని తేలితే మాత్రం మా సలహా తిరగబడుతుంది, ఎందుకంటే ప్రధాన కారణమే పోతుంది. కొన్ని కంపెనీల పుస్తకాల్లో మాన్యువల్ క్లచ్ ప్లేటులాగే డీసీటీ క్లచ్‌నూ అరిగిపోయే భాగాల జాబితాలో వేస్తారు. కరపత్రంలో ‘ట్రాన్స్‌మిషన్ కవర్’ అని పెద్ద అక్షరాలతో ఉంటుంది, మినహాయింపుల పేజీలో ‘క్లచ్’ అని చిన్న అక్షరాలతో ఉంటుంది. రెండూ నిజమే!

కాబట్టి కరపత్రం వద్దు, నిబంధనల పుస్తకం పీడీఎఫ్ పంపమనండి. దానితోపాటు ఈ ప్రశ్నలు వాట్సాప్‌లోనో మెయిల్‌లోనో అడిగి, ఒక్కోదానికి అవును, కాదు అని జవాబు తీసుకోండి. డ్యుయల్ క్లచ్ అసెంబ్లీ, క్లచ్ యాక్చుయేటర్, టీసీయూ మూడూ కవర్ అవుతాయా? టర్బో, హై ప్రెషర్ ఫ్యూయల్ పంపు, ఇంజెక్టర్లు? స్టీరింగ్ యూనిట్? టచ్ స్క్రీన్‌కు పూర్తి రెండేళ్లా, లేక దానికి విడిగా తక్కువ గడువుందా? ఒక క్లెయిమ్‌కు ఇంత, మొత్తం మీద ఇంత అనే పరిమితి ఏమైనా ఉందా? ప్రతిసారీ మేం కట్టాల్సిన వాటా ఉందా? లేబర్, గ్యాస్, ఆయిల్ ఖర్చు ఎవరిది? కంపెనీకున్న ఏ సర్వీస్ సెంటర్‌లోనైనా పనిచేస్తుందా, అమ్మిన షోరూమ్‌లోనేనా? ఫోన్‌లో ‘అన్నీ వస్తాయి మేడమ్’ అన్న మాట రేపు సాక్ష్యానికి నిలవదు.

ఎంత మంచి వారంటీ అయినా ఇవ్వనివి కొన్నుంటాయి. బ్రేక్ ప్యాడ్‌లు, వైపర్లు, టైర్లు, బల్బులు, ఫిల్టర్లు, ఆయిళ్లు, కూలెంట్ రావు. రబ్బరు బుష్‌లు, షాక్ అబ్జార్బర్ల విషయంలో ఒక్కో కంపెనీది ఒక్కో మాట. 12 వోల్టుల బ్యాటరీకి దాని తయారీదారు వారంటీ వేరే. ప్రమాదాలు, వరద నీరు, కల్తీ పెట్రోల్, ఎలుకలు, ఇవేవీ తయారీ లోపాలు కావు కాబట్టి పొడిగించుకున్నా రావు. మీ ఎలుకల ఖర్చు ఇన్సూరెన్స్ కింద అడిగి చూడాల్సిన విషయం. కాకపోతే మూడేళ్లు క్లెయిమ్ లేని పాలసీకి సొంత నష్టం ప్రీమియంలో 35 శాతం నో క్లెయిమ్ బోనస్ (తగ్గింపు) ఉంటుంది. 11,000 కోసం అది పోగొట్టుకోవడం లాభమో నష్టమో పాలసీ చూసి లెక్కేసుకోవాలి. బోనస్ పోకుండా కాపాడే యాడ్ ఆన్ (అదనపు కవర్) ఉంటే క్లెయిమ్ చేయొచ్చు.

నీటి సంగతి ఇంకాస్త చెప్పాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచినప్పుడు ఎన్నో కార్లు నీళ్లలో నిలిచిపోయాయి. అలా మునిగిన బండికి సెల్ఫ్ కొడితే సిలిండర్లలోకి నీళ్లు వెళ్లి కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయి. దానికి వారంటీ రాదు, మామూలు ఇన్సూరెన్స్ కూడా చాలాసార్లు రాదు. ఇంజన్ ప్రొటెక్ట్ అనే యాడ్ ఆన్ ఉండాలి. మీ దగ్గర అది లేకపోతే వచ్చే రెన్యువల్‌లో కలుపుకోండి, వారంటీ డబ్బుతో పోలిస్తే చిన్న మొత్తమే.

మీ దగ్గరున్న రెండు లొసుగుల్లో పెద్దది ఆలస్యమైన సర్వీసు. మామూలుగా 10,000 కిలోమీటర్లు లేదా ఒక ఏడాది, ఏది ముందైతే అది. తక్కువ తిరిగే బండ్ల వాళ్లు ‘పదివేలు కాలేదుగా’ అని ఏడాది దాటిస్తారు. బండి కదలకపోయినా ఇంజన్ ఆయిల్ పాతబడుతుంది, అందుకే ఆ నిబంధన. నెలో, వెయ్యి కిలోమీటర్లో ఇటూ అటూ అయితే చాలా కంపెనీలు పట్టించుకోవు. మూడు నెలలు మాత్రం రికార్డులో కనిపిస్తుంది. డబ్బు కట్టించుకునేటప్పుడు ఎవరూ ఆ మాట ఎత్తరు, ఇంజనో టర్బోనో పాడయ్యాక ఎత్తుతారు. అందుకని ఇప్పుడే, కట్టకముందే, ‘రెండో సర్వీసు ఆలస్యం వల్ల వారంటీకి ఇబ్బంది లేదు’ అని సర్వీస్ మేనేజర్ దగ్గర మెయిల్ తీసుకోండి. ఇవ్వనంటే కంపెనీ కస్టమర్ కేర్‌కు అదే ప్రశ్న రాయండి. అక్కడా జవాబు దాటవేస్తే 34,000 మీ దగ్గరే ఉంచుకోండి.

కెమెరా సంగతి ఇంత ఇబ్బంది కాదు. అసలు వైరు కోసి టేపు చుట్టారా, కప్లర్‌తో (వైరు కోయకుండా జతచేసే ప్లగ్‌తో) కలిపారా అన్నదే ప్రశ్న. మీకు పెట్టించిన షాపులోనే డోర్ ట్రిమ్, స్టీరియో వెనకాల తెరిపించి చూడండి. కోసి ఉంటే కప్లర్ వేయించి, ఫ్యూజు విడిగా ఇప్పించండి. కరెంటు భాగాల క్లెయిమ్ వచ్చినప్పుడు దీన్ని సాకుగా చూపించే వీలుంది, ఏసీ కంప్రెసర్‌కో గేర్‌బాక్స్‌కో దీనితో సంబంధం ఉండదు. తిరస్కరిస్తే ఏ మార్పు వల్ల ఏ భాగం ఎలా పాడైందో రాసివ్వమని అడగండి. దాచిపెట్టడం మాత్రం వద్దు, ఆ తర్వాత మీరు చెప్పే నిజాలూ నమ్మరు.

ఇక 19,500 ఆఫర్. వేరే సంస్థలు ఇచ్చేది కంపెనీ వారంటీ కాదు, దానంతటది ఒక ఒప్పందం. వీటిలో తరచుగా కనిపించేవి: క్లెయిమ్‌కు గరిష్ఠ మొత్తం, ప్రతి క్లెయిమ్‌కు మీ వాటా, పని మొదలయ్యే ముందు వాళ్ల సర్వేయర్ అనుమతి, ముందు మీరు కట్టి తర్వాత తిరిగి తెచ్చుకునే పద్ధతి. గరిష్ఠం 50,000 అయితే 1,20,000 గేర్‌బాక్స్ బిల్లులో 70,000 మీ మీదే పడుతుంది. అంటే ఏ పెద్ద బిల్లుకు భయపడి కొంటున్నారో దానికే ఇది చాలదు. అందుకే వద్దంటున్నాం. ఒక జాగ్రత్త: షోరూమ్ వాళ్లు అమ్మేదీ ఒక్కోసారి ఇలాంటి సంస్థదే అయి ఉంటుంది. సర్టిఫికెట్ మీద ఎవరి పేరుందో చూడండి, కారు కంపెనీ పేరు లేకపోతే ఇంతసేపూ చెప్పిన లెక్క వర్తించదు.

కట్టాలనుకుంటే ఆరు వారాల్లో చివరి రోజు దాకా ఆగకండి. చాలా కంపెనీలు అసలు వారంటీ బతికుండగానే అమ్ముతాయి. గడువు దాటాక ఇచ్చేవాళ్లు కూడా బండి తనిఖీ చేసి, ఎక్కువ ధరకు ఇస్తారు. అదే కంపెనీకి వరంగల్‌లోనో హైదరాబాద్‌లోనో ఉన్న ఇంకో డీలర్‌ను ధర అడగండి. నెలాఖరులో టార్గెట్ కోసం తగ్గించడమో, ఒక సర్వీసు ఉచితంగా కలపడమో జరుగుతుంటుంది. డబ్బు కంపెనీ లేదా డీలర్ ఖాతాకే వెళ్లాలి, జీఎస్టీ ఇన్‌వాయిస్ రావాలి. సర్టిఫికెట్‌లో ఛాసిస్ నంబరు ప్రతి అంకె సరిచూడండి. మొదలయ్యే తేదీ పాత వారంటీ ముగిసిన మర్నాడు అయి ఉండాలి. మీరు డబ్బు కట్టిన రోజు పడితే ఆరు వారాలు ఊరికే పోయినట్టే. వారం తర్వాత కంపెనీ యాప్‌లో మీ బండి కింద కొత్త గడువు కనిపిస్తుందో లేదో చూడండి.

కిలోమీటర్ల పరిమితి మీకు పట్టింపు లేదు. ఇదే తీరున తిరిగితే ఐదేళ్లకు 59,000 దగ్గరుంటారు. ఏడాదికి 40,000 తిరిగే వాళ్లకు మాత్రం ఇదే అసలు చిక్కు. మొదటి వారంటీ 1,00,000 దగ్గర, పొడిగింపు 1,20,000 దగ్గర ఆగితే, రెండేళ్లకు డబ్బు కట్టి ఆరు నెలలు వాడుకున్నట్టవుతుంది.

పొడిగించుకున్నా, మానుకున్నా, ఈ ఆరు వారాల్లో తప్పక చేయాల్సిన పని ఒకటుంది. పాత వారంటీ ముగిసేలోపు బండిని పూర్తిగా తనిఖీ చేయించడం. ఇప్పుడు దొరికిన లోపం పాత వారంటీ కిందే పోతుంది. కంప్యూటర్ పెట్టి దాచి ఉన్న ఎర్రర్ కోడ్‌లు చదివించండి. గుట్ట ఎక్కేచోట మొదటి గేర్‌లో వణుకు ఉందేమో టెక్నీషియన్‌ను పక్కన కూర్చోబెట్టుకుని చూపించండి. మధ్యాహ్నం ఎండలో బండి నిలిపి ఏసీ చల్లదనం తగ్గుతుందేమో గమనించండి. లిఫ్ట్ ఎక్కించి ఇంజన్, గేర్‌బాక్స్ కింద ఆయిల్ చెమ్మ చూడమనండి. స్టీరింగ్ రెండు వైపులా చివరిదాకా తిప్పి చప్పుడు వినండి. ఏ అనుమానం ఉన్నా జాబ్ కార్డులో మీ మాటల్లోనే రాయించండి. ‘లోపం కనిపించలేదు’ అని మూసేసినా సరే, ఆ కార్డు దాచుకోండి. నాలుగు నెలల తర్వాత అదే లోపం పెద్దదైతే, వారంటీలో ఉండగానే చెప్పామనడానికి అదే ఆధారం.

క్లచ్ ఎక్కువ కాలం నిలవాలంటే ట్రాఫిక్‌లో బ్రేకు కొద్దికొద్దిగా వదులుతూ పాకించడం మీ వారు మానాలి. ముందు బండికి కాస్త ఎడం వచ్చేదాకా బ్రేకు నొక్కి ఆగి, తర్వాత ఒక్కసారి కదలాలి. ఎత్తు మీద యాక్సిలరేటర్‌తో బండిని నిలబెట్టకూడదు, బ్రేకుతోనే ఆపాలి. క్లచ్ వేడెక్కిన సంగతి కొన్ని కార్లలో టీసీయూలో నమోదవుతుంది, క్లెయిమ్ వచ్చినప్పుడు వర్క్‌షాప్ వాళ్లు దాన్ని చూడొచ్చు. పెట్రోల్ డబ్బు యూపీఐలో కడితే ఏ బంకులో ఎప్పుడు పోయించారో కూడా రికార్డు ఉంటుంది. కల్తీ పెట్రోల్ అని ఎవరైనా అంటే పనికొస్తుంది.

క్లెయిమ్ తిరస్కరిస్తే నోటిమాటతో వెనక్కి రావద్దు. పుస్తకంలోని ఏ నిబంధన కింద కాదన్నారో రాసివ్వమనండి. తర్వాత కంపెనీ కస్టమర్ కేర్, ఆ పైన 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. అక్కడా తెగకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం షోరూమ్ ఎక్కడున్నా మీరు నివసించే చోటే ఫిర్యాదు వేయొచ్చు. వివాదం తలెత్తిన రెండేళ్లలోపు వేయాలి. మీరు చెల్లించిన మొత్తం 5 లక్షల్లోపైతే రుసుము లేదు, వకీలు తప్పనిసరి కాదు.

తమ్ముడి కారులో టర్బో లేదు, డీసీటీ లేదు. క్లచ్ ప్లేటు అరిగితే ఎలాగూ వారంటీలో రాదు. మిగిలే పెద్ద ఖర్చులు ఏసీ కంప్రెసర్, స్టీరింగ్ మోటర్, డైనమో. వీటిలో డైనమో, సెల్ఫ్ మోటర్ లాంటివి బయట మంచి ఎలక్ట్రీషియన్ దగ్గర తక్కువలో బాగవుతాయి. 14,500 విడిగా ఫిక్స్‌డ్ డిపాజిట్ వేసి, బండి ఖర్చులకే వాడుకోమనండి. సర్వీసు మాత్రం ఏడాదికోసారి తప్పకుండా చేయించి, బిల్లులు దాచమనండి.